వేధింపును ఎదిరిస్తున్న మనమే వేధించేవాళ్లం కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?

అలల_అంచు (చర్చను ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను పనిచేసే చోట ఒక పై అధికారి, తన కింద పనిచేసే ఒక ఉద్యోగినిని చాలాకాలంగా అందరి ముందూ అవమానిస్తున్నారు. ఆమె మాట్లాడే తీరును అనుకరించి నలుగురినీ నవ్వించడం, ఆమె చేసిన పనిని వేరొకరి పేరుతో పైవాళ్లకు పంపడం, అనారోగ్య కారణంతో సెలవు అడిగితే ఆ కారణాన్ని సమావేశంలో బయటపెట్టి ఎగతాళి చేయడం ఆయనకు అలవాటు. మాలో కొందరం కలిసి, ఆమె అనుమతి తీసుకుని, రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. విచారణ కూడా మొదలైంది. ఇంతవరకు మేం చేసినదాని విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

నన్ను కలవరపెడుతున్నది ఆ తరువాత జరుగుతున్నది. సాక్ష్యాలూ తేదీలూ పంచుకోవడానికి మేం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు మెల్లమెల్లగా వేరే దారి పట్టింది. మొదట ఆయనకు ఒక మారుపేరు పెట్టారు. తరువాత ఆయన నడకను, శరీరాన్ని వెక్కిరించే బొమ్మలు వచ్చాయి. ఇటీవల ఒకరు ఆయన కుమార్తె ఫొటోను తెచ్చి పెట్టారు. దాని కింద వచ్చిన వ్యాఖ్యలను నేను ఇక్కడ తిరిగి రాయలేను. నేను అభ్యంతరం చెబితే, "నువ్వు ఎవరి పక్షాన ఉన్నావు?" అని అడిగారు. బాధితురాలు కూడా అదే గ్రూపులో ఉన్నారు. ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు.

నాకు పోరాటం ఆపాలని లేదు, మెత్తబడాలనీ లేదు. ఆయన చేసినదానికి ఆయన జవాబు చెప్పి తీరాలి. కానీ ఒక మనిషిని గుంపుగా చేరి నవ్వులపాలు చేయడం తప్పని ఫిర్యాదు చేసినవాళ్లమే అదే పని చేస్తుంటే, మేం ఎదిరిస్తున్నది ఆయన చేసిన పనినా, లేక కేవలం ఆయననా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. పట్టుదల సడలకుండా ఈ ద్వేషాన్ని మాత్రం దూరంగా ఉంచడం సాధ్యమేనా? అనుభవమో, అధ్యయనమో ఉన్నవారు దయచేసి చెప్పండి.

తూర్పుగాలి

మీ బాధ అర్థమైంది. అయినా నా అభిప్రాయం కొంచెం కఠినంగానే చెబుతాను. ఆ అధికారి కుమార్తె ఫొటోను గ్రూపులో పెట్టడం నీచమైన పని, అందులో రెండో మాట లేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. కానీ ఆ అధికారి మీద మీ సహోద్యోగులకు ఉన్న కోపాన్నీ, అసహ్యాన్నీ కూడా మీరు అదే గాటన కట్టేస్తున్నారేమోనని నాకు అనుమానంగా ఉంది. ఎన్నాళ్లుగానో తల వంచుకుని బతికినవాళ్లకు తల ఎత్తే శక్తి చాలాసార్లు ద్వేషం నుంచే వస్తుంది. ఆ మంట చల్లారిపోతే విచారణ మధ్యలోనే ఒక్కొక్కరూ జారుకుంటారు, సాక్ష్యం చెప్పడానికి చివరకు ఎవరూ మిగలరు.

ఇంకో మాట. "ద్వేషించకండి" అన్న హితవు ఎప్పుడూ కింద ఉన్నవాళ్లకే ఎందుకు వినిపిస్తుంది? ఇన్నాళ్లూ ఆమెను అందరూ చూస్తుండగా అవమానిస్తున్నప్పుడు ఆ అధికారికి ఎవరైనా ఈ హితవు చెప్పారా?

పాత_గ్రంథాలయం

తూర్పుగాలి గారూ, మీ రెండో ప్రశ్న చాలా బరువైనది, దానికి జవాబు చెప్పగలిగినవారు ఈ వేదికలో ఉన్నారని నమ్ముతున్నాను. నేను మీ మొదటి మాటకే పరిమితమవుతాను. మంట లేకపోతే మనుషులు నిలబడరన్నది నిజమే. అయితే ఆ మంట ద్వేషమే కానక్కరలేదని చూపిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి, వాటిలో నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 1960లో జరిగిన విద్యార్థుల ఉద్యమం.

అప్పట్లో ఆ నగరంలోని పెద్ద దుకాణాల్లో నల్లజాతివారు సరుకులు కొనవచ్చు గానీ, అక్కడి భోజనపు బల్లల దగ్గర కూర్చుని తినడానికి వీల్లేదు. జేమ్స్ లాసన్ అనే యువ మతబోధకుడు అంతకు ముందు సంవత్సరమే ఒక చర్చిలో విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టాడు. ఆయన భారతదేశంలో కొన్నేళ్లు ఉండి గాంధీ పద్ధతులను అధ్యయనం చేసి వెళ్లినవాడు. ఆ శిక్షణలో ఉపన్యాసాలతో పాటు అభినయం కూడా ఉండేది. కొందరు విద్యార్థులు బల్ల దగ్గర కూర్చునేవారు, మిగిలినవారు దాడి చేసేవారి పాత్ర వేసి వాళ్లను బూతులు తిట్టేవారు, ముఖం మీదికి సిగరెట్టు పొగ వదిలేవారు, కుర్చీల్లోంచి కిందికి లాగేవారు. దెబ్బ తగిలినప్పుడు తల ఎలా కాపాడుకోవాలో, పక్కవాడు దెబ్బలు తింటుంటే మధ్యలోకి ఎలా అడ్డు వెళ్లాలో, తిట్టినవాడి కళ్లలోకి ఎలా చూడాలో వాళ్లు మళ్లీ మళ్లీ సాధన చేశారు. ఎవరికైనా కోపం పట్టు తప్పుతోందని అనిపిస్తే వాళ్లు బల్ల దగ్గరకు వెళ్లకుండా వేరే పనులు చూసుకునేవారు. వాళ్ల పనిలో కూడా అంతే విలువ ఉంది.

1960 ఫిబ్రవరి 13న వాళ్లు మొదటిసారి పెద్ద ఎత్తున బల్లల దగ్గర కూర్చున్నారు. అదే నెల 27న అల్లరిమూకలు వాళ్లను కొట్టాయి. పోలీసులు అరెస్టు చేసింది మాత్రం దెబ్బలు తిన్న ఎనభై మందికి పైగా విద్యార్థులనే. ఏప్రిల్ 19న వాళ్ల తరఫు న్యాయవాది జెడ్. అలెగ్జాండర్ లూబీ ఇంటి మీద డైనమైట్ బాంబు వేశారు. ఆ రోజే వేలాది మంది మౌనంగా నగర కార్యాలయానికి నడిచారు. అక్కడ డయాన్ నాష్ అనే విద్యార్థిని మేయర్ బెన్ వెస్ట్‌ను సూటిగా నిలదీసింది. మనిషి రంగును బట్టి వివక్ష చూపడం తప్పని మీకు అనిపిస్తోందా, లేదా అన్నది ఆమె ప్రశ్న సారం. తప్పేనని ఆయన అందరి ఎదుటా ఒప్పుకోవలసి వచ్చింది. మే 10న ఆ బల్లలు నల్లజాతివారికి తెరుచుకున్నాయి.

నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఆ ప్రశ్న అడిగిన తీరు. బాంబు పడిన రోజున, గుండె మండుతున్న వేళ, ఆమె మేయర్‌ను దూషించలేదు, బతిమాలనూ లేదు. అతడిని ఒక మనిషిగా నిలబెట్టి అడిగింది కాబట్టే అతడు మనిషిగా జవాబు చెప్పక తప్పలేదు. దూషించి ఉంటే ఆ దూషణనే అడ్డం పెట్టుకుని అతడు తప్పించుకునేవాడు. ద్వేషం ఎదుటివాడికి దాక్కునే చోటు ఇస్తుంది. మీ విచారణలో కూడా ఆ గ్రూపు సందేశాలు బయటపడితే జరిగేది అదే. చర్చ ఆయన చేసినదాని మీద నుంచి మీరు రాసినదాని మీదకు మళ్లిపోతుంది.

నీలిసిరా

నేను పిల్లలతో పనిచేసేదాన్ని కాబట్టి అటువైపు నుంచి రాస్తాను. పెద్దల కార్యాలయాల్లో జరిగే వేధింపుకూ, పాఠశాలలో జరిగేదానికీ నిర్మాణంలో పెద్ద తేడా లేదని నా అనుభవం.

ఈ విషయంలో శాస్త్రీయ పరిశోధనకు పునాది వేసినవారిలో ముఖ్యుడు నార్వేకు చెందిన డాన్ ఓల్వేయస్. ఉద్దేశపూర్వకంగా హాని చేయడం, అది పదే పదే జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండడం అనే మూడు లక్షణాలతో ఆయన వేధింపును నిర్వచించారు. 1982 చివర్లో ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల తీవ్ర వేధింపే కారణమై ఉంటుందని తేలడంతో దేశమంతా కదిలిపోయింది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం జాతీయ స్థాయిలో వేధింపుల నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఓల్వేయస్ పద్ధతిలో నాకు ఎప్పుడూ గుర్తుండే అంశం ఒకటి ఉంది. పెద్దలు పిల్లల పట్ల ఆత్మీయంగా ఉండాలి, హద్దులు మాత్రం గట్టిగా ఉండాలి, హద్దు దాటినవాడికి ప్రతిసారీ తప్పనిసరిగా శిక్ష పడాలి, ఆ శిక్షలో మాత్రం శత్రుత్వమూ దెబ్బలూ ఉండకూడదు. శిక్ష ఉండాలనీ, దానిలో పగ ఉండకూడదనీ ఆయన ఒకే ఊపిరిలో చెప్పారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని మనం అనుకుంటాం గానీ, తరగతి గదిలో చూస్తే పగ లేని శిక్షే పిల్లలకు ఎక్కువ అర్థమవుతుంది. పగతో వేసిన శిక్షలో పిల్లవాడికి కనిపించేది పెద్దవాళ్ల కోపమే, తాను చేసిన పని అతడికి కనిపించదు.

ఇక చుట్టూ ఉన్నవారి సంగతి. కెనడాలో హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ అనే పరిశోధకులు పాఠశాలల ఆటస్థలాల్లో జరిగిన 306 వేధింపు సంఘటనలను కెమెరాలతో గమనించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. 88 శాతం సంఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. 19 శాతంలో మాత్రమే ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. కానీ అడ్డుపడిన సందర్భాల్లో సగానికి మించి, అంటే 57 శాతంలో, వేధింపు ఆగిపోయింది. అదే అధ్యయనంలో మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే మరో సంగతి కూడా కనిపించింది. అడ్డుపడినవారు వేధించేవాడి వైపు తిరిగినప్పుడు వాళ్ల చేష్టలో దూకుడు ఎక్కువగా ఉంది. బాధితుడి వైపు గానీ, ఇద్దరి మధ్యకు గానీ వెళ్లినప్పుడు దూకుడు తక్కువగా ఉంది.

అందుకే అలల అంచు గారిని ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాను. మీ గ్రూపులో ఆ అధికారి గురించి వచ్చిన సందేశాలు ఎన్ని, బాధితురాలు ఎలా ఉన్నారో కనుక్కుంటూ వచ్చినవి ఎన్ని? ఆమె మౌనంగా ఉన్నారని రాశారు. ఎగతాళి అంటే ఏమిటో ఆ గ్రూపులో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. తన పేరు మీద ఇంకొకరిని ఎగతాళి చేస్తుంటే చూస్తూ ఉండడం ఆమెకు ఎలా ఉందో ఎవరైనా అడిగారా?

తూర్పుగాలి

నీలిసిరా గారి చివరి ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. అయినా నా రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి దాన్ని మరింత స్పష్టంగా రాస్తాను.

చదువుకునే రోజుల్లో నేను ఇలాంటి వేధింపునకు గురైనవాణ్ణి. వివరాలు ఇక్కడ అవసరం లేదు. విషయం పెద్దల దాకా వెళ్లినప్పుడు వాళ్లు చేసిన మొదటి పని, మా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులు కలపమనడం. నేను చేయి ముందుకు చాచలేదు. ఆ క్షణం నుంచి తప్పంతా నాదే అయింది. నాది మొండితనమట, నా మనసులో విషం ఉందట. నన్ను కొట్టినవాడు చిరునవ్వుతో చేయి చాచి మంచివాడైపోయాడు. అందుకే ద్వేషం వద్దనే మాట వినగానే నాకు ఆ గది గుర్తొస్తుంది. ఆ మాటతో అన్యాయాన్ని మూసిపెట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. మీరందరూ చెబుతున్నది దానికంటే వేరైనదైతే, ఆ తేడా ఎక్కడుందో నాకు చూపించండి.

మట్టిదారి

తూర్పుగాలి గారూ, మీకు జరిగింది అన్యాయం మీద మరో అన్యాయం. చేయి కలపమని బలవంతపెట్టడం ద్వేషాన్ని తగ్గించే ప్రయత్నం కానే కాదు, అది పెద్దలు తమకు ఇబ్బంది లేకుండా చేసుకున్న ఏర్పాటు. ద్వేషం లేకపోవడం వేరు, క్షమించడం వేరు, రాజీ పడడం వేరు. ఈ మూడింటినీ కలిపేసి బాధితుల నెత్తిన పెట్టడం వల్లనే మంచి మాట కూడా చెడ్డపేరు తెచ్చుకుంది.

దక్షిణాఫ్రికా ఉదాహరణ చూడండి. వర్ణవివక్ష పాలన ముగిశాక 1995లో చేసిన చట్టం ప్రకారం సత్య, సయోధ్య కమిషన్ ఏర్పడింది, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షుడు. చాలామంది దీన్ని అందరినీ క్షమించేసిన సంస్థగా గుర్తుంచుకుంటారు, అది సరైన చిత్రం కాదు. క్షమాభిక్ష కోరినవాడు తాను చేసినదంతా పూర్తిగా, బహిరంగంగా చెప్పాలి, ఆ నేరం రాజకీయ లక్ష్యంతో చేసినదై ఉండాలి. ఏడు వేలకు పైగా దరఖాస్తులు వస్తే క్షమాభిక్ష దొరికింది వాళ్లలో కొద్దిమందికే. బాధితులు క్షమించి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. వర్ణవివక్షను ఎదిరించిన నాయకుడు స్టీవ్ బీకో 1977లో పోలీసుల నిర్బంధంలో తలకు తగిలిన గాయాలతో చనిపోయారు. ఆయన కుటుంబం ఈ క్షమాభిక్ష ఏర్పాటునే వ్యతిరేకించి, మరికొందరితో కలిసి 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. కేసు ఓడిపోయారు, అయినా తమ వాదన వదల్లేదు. ఆయన మరణానికి సంబంధించి దరఖాస్తు పెట్టుకున్న పోలీసు అధికారులకు 1999లో కమిషన్ క్షమాభిక్ష నిరాకరించింది. ఆ కుటుంబం అడిగింది విచారణ, శిక్ష. దాన్ని ద్వేషమని నేను అనలేను. మీరు ఆ గదిలో చేయి చాచకపోవడాన్ని కూడా అనలేను.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ వేలాది మందితో కలిసి నడిచి వెళ్లి, దళితులను ముట్టుకోనివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తరువాత, వాళ్లు గుడిలోకి కూడా రాబోతున్నారని పుకారు పుట్టించి, తిరుగు ప్రయాణంలో ఉన్న ప్రతినిధుల మీద దాడి చేశారు. ఎదురుదాడికి సిద్ధంగా ఉన్న తన మనుషులను అంబేద్కర్ ఆపారు. ఆపి ఊరుకోలేదు, దాడి చేసినవారి మీద కేసులు నడిచేలా చూశారు. అవతలివాళ్లు చెరువు తమ సొంతమని కోర్టుకెక్కితే ఏళ్ల తరబడి పోరాడారు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తీర్పు ఆయన పక్షానే వచ్చింది. చేయి ఎత్తవద్దని తన వాళ్లను ఆపిన మనిషి అన్యాయంతో ఒక్క అంగుళం కూడా రాజీపడలేదు.

మీరు అడిగిన తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ద్వేషం వద్దని చెప్పేవాడు ఆ మాటతో పాటు ఏం వదులుకోమంటున్నాడో చూడండి. మీ ఫిర్యాదును, మీ సాక్ష్యాన్ని, మీ హక్కును వదులుకోమంటే అతడు అవతలివాడి పని చేసిపెడుతున్నాడు. వాటన్నిటినీ మరింత గట్టిగా పట్టుకోమని, ఎదుటివాడి శరీరాన్ని, బిడ్డలను, పుట్టుకను మాత్రం వదిలేయమని చెబితే అతడు మీవాడు. ఇంకొకటి కూడా చెప్పాలి. బాధితుడి మనసులో ద్వేషం ఉన్నంత మాత్రాన అతడికి న్యాయం అడిగే అర్హత పోదు. మనసు శుభ్రంగా ఉన్నవాళ్లకే న్యాయం దక్కుతుందనే షరతు పెట్టే అధికారం ఎవరికీ లేదు. అలల అంచు గారు నిగ్రహం అడుగుతున్నది బాధితురాలి నుంచి కాదు, ఆమె వెనుక నిలబడిన మన నుంచి. ఆ పని మనకు ఆమె కంటే సులభం, బాధ్యత కూడా మనకే ఎక్కువ.

వేసవి_వాన

మట్టిదారి గారి మాటకు ఒక చిన్న చేర్పు. 1956 జనవరి 30న అమెరికాలోని మాంట్‌గొమరీలో, నల్లజాతివారు బస్సులను బహిష్కరించి పోరాడుతున్నప్పుడు, మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య, పసిబిడ్డ లోపలే ఉన్నారు, అదృష్టవశాత్తు గాయపడలేదు. ఆయుధాలతో గుమిగూడిన తన జనాన్ని ఆయన వరండాలో నిలబడి శాంతింపజేసి ఇళ్లకు పంపడం అందరికీ తెలిసిన ఘట్టమే. ఆ తరువాత రెండు రోజులకే, ఫిబ్రవరి 1న, బస్సుల్లో వివక్షను సవాలు చేస్తూ ఫెడరల్ కోర్టులో దావా పడిన సంగతి చాలామంది చెప్పరు. బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది, అది ముగిసింది ఆ దావాలో గెలిచిన తరువాతే.

రాతిమేడ

చర్చ మంచి దారిలో నడుస్తోంది. నేను ఆ వాట్సాప్ గ్రూపు దగ్గరకు తిరిగి వస్తాను, ఎందుకంటే అలల అంచు గారికి రేపు చేయవలసిన పని అక్కడే ఉంది.

లోపలి కోపాన్ని ఇలా మాటల్లో కక్కేస్తే మనసు తేలికపడుతుందని చాలామంది నమ్మకం. బహుశా మీ సహోద్యోగులు కూడా తాము చేస్తున్నది అదేనని అనుకుంటూ ఉంటారు. బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వవేత్త 2002లో ప్రకటించిన ప్రయోగం దీన్ని నేరుగా పరీక్షించింది. 600 మంది విద్యార్థుల వ్యాసాలను కఠినంగా విమర్శించి వాళ్లకు కోపం తెప్పించారు. కొందరిని, విమర్శించిన మనిషినే తలుచుకుంటూ గుద్దుల సంచిని కొట్టమన్నారు. కొందరిని వ్యాయామం గురించి ఆలోచిస్తూ కొట్టమన్నారు. మిగిలినవాళ్లను ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు. ఎదుటివాణ్ణి తలుచుకుంటూ కొట్టినవాళ్లలోనే కోపం అన్నిటికంటే ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లలో దూకుడు అందరికంటే తక్కువగా ఉంది. కక్కేసిన కోపం బయటకు పోలేదు, సాధన చేసినట్టు బలపడింది. రోజూ ఆ గ్రూపు తెరిచి ఒక బొమ్మ చూసి, ఒక మాట కలిపి మూసేయడం అలాంటి సాధనే.

మారుపేరు గురించి కూడా రాయాలి, మీ వివరణలో నన్ను ఆపింది అదే. 1975లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త తన సహచరులతో ఒక ప్రయోగం చేశారు. అందులో పాల్గొన్నవారికి, పక్క గదిలో ఉన్నవారు తప్పు నిర్ణయం తీసుకున్నప్పుడల్లా విద్యుత్ షాక్‌తో శిక్షించే అధికారం ఇచ్చారు. నిజానికి ఎవరికీ షాక్ తగల్లేదు, ఆ సంగతి శిక్షించేవారికి తెలియదు. మొదలయ్యే ముందు కొందరికి, పక్క గదిలోని వాళ్లను జంతువులతో పోల్చి ఎవరో చులకనగా మాట్లాడుతుండడం అనుకోకుండా వినబడినట్టు ఏర్పాటు చేశారు. మరికొందరికి అదే మనుషుల గురించి మంచి మాటలు వినిపించారు. చులకన మాట విన్నవాళ్లు మిగిలినవాళ్ల కంటే తీవ్రమైన శిక్షలు వేశారు. వాళ్లు ఆ మాట అనలేదు, విన్నారు, అంతే. మీ గ్రూపులో ఆయన పేరు పోయి మారుపేరు మిగిలిన రోజే, కుమార్తె ఫొటోకు దారి తెరుచుకుంది. అందుకే నా మొదటి సలహా చాలా చిన్నదిగా కనిపించవచ్చు. ఎక్కడ రాసినా, ఎవరితో మాట్లాడినా ఆయనను పేరుతో గానీ హోదాతో గానీ మాత్రమే ప్రస్తావించండి.

రెండోది, సాక్ష్యాలకు వేరే చోటు ఏర్పాటు చేయండి. అందులో తేదీ, స్థలం, అన్న మాట, అక్కడ ఉన్నవారు, ఆ తరువాత జరిగింది తప్ప మరేమీ ఉండకూడదు. అభిప్రాయాలు, ఊహలు, విశేషణాలు అందులోకి రానివ్వకండి. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. విచారణ జరిపేవారు "ఆయన ఒక రాక్షసుడు" అనే వాక్యంతో ఏమీ చేయలేరు, "ఫలానా తేదీన, ఫలానా సమావేశంలో, ఆరుగురి ముందు ఆమె ఆరోగ్య వివరాలను బయటపెట్టారు" అనే వాక్యాన్ని మాత్రం పక్కన పెట్టలేరు.

మూడోది, "ఎవరి పక్షాన ఉన్నావు?" అన్న ప్రశ్నకు జవాబు. దానికి బదులు చెప్పకుండా ఉండకండి. ఉంటే మీరు భయపడ్డారని అనుకుంటారు. నేను ఆమె పక్షానే ఉన్నాను, అందుకే ఈ ఫొటో తీసేయమంటున్నాను అని అక్కడే, అందరూ చదివేలా రాయండి. మీలాగే ఇబ్బంది పడుతున్నవారు ఆ గ్రూపులో తప్పకుండా ఉంటారు. మొదటి గొంతు లేచేదాకా మిగిలిన గొంతులు లేవవు.

నీలిసిరా

రాతిమేడ గారు చివర చెప్పినది పరిశోధనలో కూడా స్థిరపడిన విషయమే. 1968లో డార్లీ, లటానే అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, పక్క గదిలో ఒక మనిషికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించినప్పుడు, వింటున్నది తామొక్కరేనని అనుకున్నవారిలో 85 శాతం మంది, అతడి మాటలు ఇంకా ఆగకముందే సహాయానికి కదిలారు. తమతో పాటు మరో నలుగురు వింటున్నారని అనుకున్నవారిలో 31 శాతమే కదిలారు. మిగిలినవారు కఠినాత్ములు కారు, కలవరపడుతూనే ఉన్నారు, ఎవరో ఒకరు చూసుకుంటారని ఉండిపోయారు. అలల అంచు గారు అప్పట్లో ఆ అధికారి విషయంలో ఆ ఎవరో ఒకరు తామే అయ్యారు. ఇప్పుడు సొంత గ్రూపులో అదే పని మళ్లీ చేయాలి. ఇది మొదటిదాని కంటే కష్టం, ఎందుకంటే ఈసారి ఎదురుగా ఉన్నది స్నేహితులు.

తూర్పుగాలి

మట్టిదారి గారూ, మీ జవాబును నిదానంగా చదివాను. ఏం వదులుకోమంటున్నారో చూడమన్న మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో నన్ను వదులుకోమన్నది నా ద్వేషాన్ని కాదు, నా ఫిర్యాదునే. ఈ తేడాను ఒప్పుకుంటున్నాను.

ఒక అభ్యంతరం మాత్రం మిగిలే ఉంది. నాష్‌విల్ అయినా మహాడ్ అయినా ముందే సిద్ధపడిన నాయకత్వం ఉన్న ఉద్యమాలు. ఏ శిక్షణా లేని పదిమంది ఉద్యోగుల నుంచి ఆ స్థాయి నిగ్రహం ఆశించడం న్యాయమా?

పాత_గ్రంథాలయం

ఆ స్థాయి అవసరం లేదు, వాళ్ల మీద ఎవరూ బాంబులు వేయడం లేదు. వాళ్లకు కావలసింది ఒక చిన్న కట్టుబాటు మాత్రమే. నాష్‌విల్ విద్యార్థులకు కూడా చివరకు చేతికి ఇచ్చినది ఒక కాగితం. తిట్టినా కొట్టినా తిరిగి అనవద్దు, నిటారుగా కూర్చోండి, బల్ల వైపే చూడండి, ఏదైనా తీవ్రమైన సంఘటన జరిగితే మీ నాయకుడికి తెలియజేయండి, ఇలాంటి కొన్ని వాక్యాలే అందులో ఉన్నాయి. ఆ క్షణంలో ఏం చేయాలో ముందే నిర్ణయమై ఉంటే, కోపం వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించవలసిన పని ఉండదు. అలల అంచు గారి బృందం కూడా విచారణకు ముందు అరగంట కూర్చుని, ఆ అధికారి గానీ ఆయన తరఫువారు గానీ రెచ్చగొట్టే ప్రశ్నలు వేస్తే ఎలా బదులివ్వాలో ఒకరినొకరు అడిగి చూసుకుంటే చాలా తేడా ఉంటుంది.

సంఖ్యాబలం గురించి కూడా ఒక మాట. ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ అనే పరిశోధకులు 1900 నుంచి 2006 వరకు ప్రపంచంలో జరిగిన 323 ఉద్యమాలను పరిశీలిస్తే, అహింసాయుత ఉద్యమాల్లో 53 శాతం, సాయుధ ఉద్యమాల్లో 26 శాతం విజయం సాధించాయని తేలింది. వాళ్లు చూపిన కారణాల్లో ముఖ్యమైనవి రెండు. అహింసాయుత ఉద్యమంలోకి ఎక్కువమంది రాగలుగుతారు, అవతలి పక్షంలో ఉన్నవారు కూడా ఇటువైపు రావడం సులభమవుతుంది. దేశాల లెక్కను కార్యాలయానికి యథాతథంగా అంటగట్టను గానీ, ఆ రెండో కారణం మాత్రం ఇక్కడ కూడా వర్తిస్తుందని నా నమ్మకం. ఆ అధికారి కింద పనిచేస్తూ ఇప్పటివరకు నోరు విప్పనివారు మీ గ్రూపు సందేశాలు చూస్తే మీ వైపు వస్తారా, మరింత వెనక్కి తగ్గుతారా అన్నది ఆలోచించండి.

అలల_అంచు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెబుతాను.

నీలిసిరా గారి ప్రశ్న చదివిన తరువాత ముందుగా బాధితురాలితో విడిగా మాట్లాడాను. ఆ ఫొటో చూసినప్పటి నుంచి ఆమె గ్రూపును తెరవడం మానేశారట. "అడ్డు చెబితే మీరందరూ నన్ను వదిలేసి వెళ్లిపోతారేమోనని భయపడ్డాను" అన్నారు. మా వేధింపు వ్యతిరేక గ్రూపులో కూడా ఆమె భయంతోనే ఉన్నారన్నమాట. ఆమె అనుమతితో, ఆమె పేరు ప్రస్తావించకుండా, రాతిమేడ గారు సూచించినట్టుగానే గ్రూపులో రాశాను. ఇద్దరు వెంటనే సమర్థించారు. ఫొటో పెట్టినవారు దాన్ని తీసేశారు గానీ నాతో మాట్లాడడం లేదు. ఇంకొకరు కోపంతో గ్రూపు వదిలి వెళ్లారు. ఆయన ముఖ్యమైన సాక్షి, ఆయన తిరిగి వస్తారో లేదో తెలియదు. తూర్పుగాలి గారు మొదట్లోనే హెచ్చరించిన నష్టం ఇదేనని నాకు తెలుసు, ఆ సాక్షి ఇంటికి వెళ్లి మాట్లాడాలని అనుకుంటున్నాను.

సాక్ష్యాల పట్టికను విడిగా తయారు చేస్తున్నాం. విచారణ సంఘానికి ఇవ్వవలసిన వివరణ చిత్తుప్రతి కూడా సిద్ధమైంది. తూర్పుగాలి గారూ, మీకు అభ్యంతరం లేకపోతే, పేర్లూ గుర్తులూ తీసేసి దాన్ని మీకు పంపుతాను. మెత్తబడిన చోట ఎత్తి చూపగలిగినది మీరేనని నా నమ్మకం.

తూర్పుగాలి

తప్పకుండా పంపండి. కోపంతో వెళ్లిపోయిన ఆ సాక్షి దగ్గరకు వెళ్లినప్పుడు, కోపం తగ్గించుకోమని మాత్రం ఆయనకు చెప్పకండి. ఆయన కళ్లారా చూసినది ఏమిటో అడిగి, ఆయన మాటల్లోనే రాసుకుని, సంతకం చేస్తారా అని అడగండి. గ్రూపులోకి తిరిగి రావడం, రాకపోవడం ఆయన ఇష్టం.

*

చిత్తుప్రతి అందింది, చదివాను. మూడో పేరాలో "క్రూరంగా" అన్న మాట తీసేసి, ఆ రోజు ఆయన అన్న వాక్యాన్నే ఉన్నదున్నట్టు పెట్టండి. ఐదో పేరాలో "చర్య తీసుకోగలరని ఆశిస్తున్నాం" అని ఉంది, అది మరీ మెత్తగా ఉంది. ఏం కోరుతున్నారో సూటిగా రాయండి. ఆమెను ఆయన కింద నుంచి మార్చకూడదనీ, ఆయననే ఆ పర్యవేక్షణ బాధ్యత నుంచి తప్పించాలనీ, వేరొకరి పేరుతో వెళ్లిన పనిని ఆమె పేరు మీదకు తిరిగి మార్చాలనీ అడగండి. చివరి పేరాలో ఆయన కుటుంబం ప్రస్తావన ఒకటి ఉంది, అది ఈ విషయానికి సంబంధించినది కాదు, తీసేయండి. విచారణలో ఆమె స్వయంగా మాట్లాడాలనుకుంటున్నారా, లేక రాతపూర్వకంగా ఇస్తారా అన్నది మీరెవరూ నిర్ణయించకుండా ఆమెనే అడిగి, ఆ జవాబు వచ్చిన తరువాతే సంతకాలు తీసుకోండి.